వారు దినమంతయు ఏమి చేయుదురు?

మీ ఇంట ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవాడో, డిగ్రీ చివరి యేడు చదువుచున్న అమ్మాయియో ఉండవచ్చును. లేదా ఉన్న ఉద్యోగమున మనసు నిలువక వేరొక త్రోవ వెదకుకొనుచున్నవారు మీరే కావచ్చును. "ముందు ఏం చేద్దామనుకుంటున్నావు?" అని పెండ్లిలోనో పేరంటములోనో బంధువులు ప్రశ్నించినప్పుడు వచ్చు ప్రత్యుత్తరములు వ్రేళ్ళపై లెక్కింపదగినవి: రైల్వేలో, బ్యాంకులో, సాఫ్ట్‌వేరులో, లేకున్న ఏదో ఒక గవర్నమెంటు ఆఫీసులో. ఇవన్నియు జీతమిచ్చువారి పేర్లే గాని చేయు పనుల పేర్లు కావు. రైల్వేయందు పట్టాల వెంట ప్రతిదినము నడచుచు, వదులైన బిగింపులను సుత్తితో సరిచేయు కీమ్యాన్ ఉన్నాడు; ముందరి స్టేషనునుండి లైన్ క్లియర్ వచ్చువరకు బండిని కదలనీయని స్టేషన్ మాస్టరు ఉన్నాడు; సరకుల పత్రములను పంక్తి పంక్తియు సరిచూచు గుమాస్తా ఉన్నాడు. ఒకని దినచర్యను మరియొకని కప్పగించినచో ఇరువురును సాయంకాలమునకే సెలవుచీటి వ్రాయుదురు. ఇట్టి పనుల నన్నింటిని ఒకే గాటను కట్టి, "రైల్వే ఉద్యోగము మంచిదేనా?" అని యడిగినవారికి ఎవరైనను ఏమి చెప్పగలరు?

భారత ప్రభుత్వము వెలువరించిన జాతీయ వృత్తుల వర్గీకరణము, 2015 నాటి సవరణ ప్రకారము, సుమారు 3,600 వృత్తులను పేర్కొనుచున్నది. మన యిండ్లలో చర్చకు వచ్చునవి అందులో ఎన్ని? పూర్వము కులమును బట్టి వృత్తి నిర్ణయమగుచుండిన కాలమున, కుమ్మరియింటి పిల్లవాడు సారె తిరుగుటను, సాలెవారి పిల్ల కండె చుట్టుటను ఊహ తెలిసిననాటినుండియు కన్నులార చూచుచుండిరి. ఆ వ్యవస్థ మనుష్యునికి ఎంచుకొను స్వాతంత్ర్యము లేకుండ జేసినది. అది సడలుటయే మేలు, దానికై విచారింప బనిలేదు. అయితే స్వాతంత్ర్యము వచ్చినంత త్వరగా పరిచయము రాలేదు. తండ్రి ఉదయమున టిఫిన్ క్యారియరుతో బయలుదేరి సాయంకాలమున అలసి వచ్చుట తప్ప, నడుమ ఆయన ఏమి చేయుచున్నాడో కన్నబిడ్డకే తెలియని కాలమిది. ఎవ్వరి పనినీ దగ్గరగా చూడకయే తన పనిని ఎంచుకొనవలసిన దుస్థితి నేటి యువకునకు ప్రాప్తించినది.

కావున ఈ అధ్యాయమున సిద్ధాంతచర్చ చేయబోను. మీ స్వభావమెట్టిదో తేల్చిచెప్పు ప్రశ్నావళులు బజారులో కొల్లలుగ నున్నవి. వాటి జోలికిని పోను. నేను చెప్పదలచినది ఒక్కటే. ఏ వృత్తికైనను ఒక వెలుగు ముఖమును, ఒక విసుగు ముఖమును ఉండును. వెలుగు ముఖము దూరమునుండియే కనబడును. దూరపు కొండలు నునుపు గదా, దానిపై మోజుపడుట తేలిక. దినములో అధికభాగము గడచునది మాత్రము విసుగు ముఖముతోడనే. డాక్టరు గౌరవమును, న్యాయవాది వాగ్ధాటిని, చిత్రకారుని ప్రదర్శనశాలను చూచి ముగ్ధులైనవారు, ఆ గౌరవమునకును వాగ్ధాటికిని ప్రదర్శనకును వెనుకనున్న మార్పులేని పనిని ముప్పదియేండ్లు చేయగలమా యని తమ్ముతాము ప్రశ్నించుకొనరు. ఆ ప్రశ్నకు జవాబు సంపాదించు విధానమే యిచట చెప్పబడుచున్నది.

1. నిన్నటి దినమును గూర్చి అడుగుడు

"మీ ఉద్యోగం ఎలా ఉంటుందండీ?" అని యడిగిన, "బాగానే ఉంటుంది" అనియో, "ఏదో, గడుస్తోంది" అనియో మర్యాదకు ఒక మాట చెప్పి ఎదుటివారు తప్పుకొందురు. ఆ జవాబు మీకు దేనికిని పనికిరాదు. "నిన్న పొద్దున వచ్చింది మొదలు ఏమేమి చేశారు?" అని యడిగి చూడుడు. నిన్నటి దినమును గూర్చి ఎవ్వరును ఉపన్యాసమియ్యలేరు; జరిగినది జరిగినట్లు చెప్పక తప్పదు.

గోదావరి జిల్లాల పల్లెలో ఐటీఐ ముగించిన కుర్రవాడొకడు ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె కడ లైన్‌మన్‌ను కలిసికొనెననుకొందము.

"బాబాయ్, నిన్న ఎన్ని స్తంభాలు ఎక్కారు?"

"ఒకటేరా అబ్బాయ్."

"ఒకటేనా? మరి మిగతా రోజంతా?"

"ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి ఎల్‌సీ తీసుకోవాలి. ఫీడరు ఆపామని అక్కడివాళ్ళు చెప్పాలి. ఆపామన్నాక కూడా డిశ్చార్జి రాడ్డు తగిలించి చూసుకోవాలి. ఈలోగా ఊళ్ళోవాళ్ళు చుట్టూ చేరి, ఇంకెంతసేపయ్యా అని మీదికొస్తారు. పడాలి. పనయ్యాక దిగి, ఎల్‌సీ నేనే తిరిగి ఇవ్వాలి. ఇంకొకడు ఇస్తే కుదరదు."

లైన్‌మన్ అనగా స్తంభమెక్కువాడని మనమనుకొందుము. ఎక్కుట కండబలముతో అయ్యెడి పని. ఎల్‌సీ, అనగా లైన్ క్లియర్ అనుమతి, వచ్చువరకు, చీకటిలో ఊరంతయు తొందరపెట్టుచున్నను, క్రింద నిలిచియుండుటకు వేరొక బలము కావలెను. ఎల్‌సీ విషయమున సమాచారము తారుమారై ప్రాణములు పోయిన వార్తలను మీరు పత్రికలలో చదివియే యుందురు. ఎదుటివాడు కసరుకొన్నంతనే తొట్రుపడు స్వభావము గలవానికి, వాడెంత చురుకుగా స్తంభమెక్కగలవాడైనను, ఈ పని తగదని నేను నిస్సంకోచముగా చెప్పుదును. నిన్నటి దినమును గూర్చి వేసిన ఒక్క ప్రశ్నవలన ఇంత సంగతి బయటపడినది, "లైన్‌మన్ ఉద్యోగం మంచిదేనా?" అను ప్రశ్నవలన బయటపడునా?

2. తయారైన వస్తువును విడిచి చేతిని చూడుడు

వస్తువు అందముగా నున్నంతమాత్రమున దానిని చేయుటయు అందముగా నుండునని భ్రమపడకుడు. పోచంపల్లి చీర నెరుగనివారు లేరు. డిజైనింగు చదువుచున్న విద్యార్థులు అచటికి వెళ్ళుదురు. గుంట మగ్గము కడ నిలిచి ఫొటో తీసికొందురు. రంగుల కలయికను మెచ్చుకొందురు. అయితే మగ్గము మీదికి రాకముందే ఆ నూలు ఎన్ని చేతులు దాటినది? ఆసు పోయవలెను, గుర్తులు పెట్టవలెను, రంగు అంటగూడని చోటులలో రబ్బరు ముక్కలతో బిగించి చిటికి కట్టవలెను, అద్దకము వేసి, ఆరబెట్టి, విప్పి, రెండవ రంగునకు మరల కట్టవలెను. ఆ పిమ్మట గదా పడుగు, పేక, నేత!

ఇందులో ఆసు పోయుట యొక్కటే చాలును. అర్ధచంద్రాకారముగా మేకులు నాటిన చట్రమొకటి. దానికెదురుగ వేరొక మేకు. ఈ రెంటి నడుమ దారమును చేతితో ఇటునుండి అటు, అటునుండి ఇటు త్రిప్పుచు పోవలెను. సామాన్యముగా స్త్రీలు చేయు పని యిది.

"అక్కా, ఒక్క చీరెకు చెయ్యి ఎన్నిసార్లు తిప్పుతరు?"

"తొమ్మిదివేల సార్ల దాక ఉంటది బిడ్డా. నడుమ లేస్తే లెక్క తప్పుతది."

ఒక్క చీరకు చేతితో ఆసు పోయుటకు నాలుగైదు గంటలు పట్టును. భుజములు పట్టివేయును, మోచేయి సలుపును. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజపు నొప్పిని చూడలేక, ఏండ్ల తరబడి పాటుపడి, 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసి దానికి తల్లి పేరు పెట్టెను. ఆ గంటల పని సుమారు గంటన్నరకు దిగినది. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. పోచంపల్లి చీరను ప్రశంసించినవారు దేశమంతట ఉండిరి. ఆ యంత్రము మాత్రము వారిలో ఎవ్వరికిని తోచలేదు. చేయి ఎచట మొదలై ఎచట తిరుగునో, ఏ మేకు కడ నిలుచునో దినదినమును చూచినవానికే అది తోచినది. వృత్తిని చూచుటయన నేను చెప్పునది ఈ చూపునే. మీరు యంత్రమును కనిపెట్టనక్కరలేదు. ఆ చేతి స్థానమున మీ చేతినుంచుకొని, ఒక్క గంట గడచినదాక ఊహించుకొనగలిగిన చాలును. వీలైనచోట ఊహతో ఆగక, అనుమతి గైకొని నిజముగానే కొంతసేపు చేసి చూడుడు.

3. ఆ పనిలో ఎవరితో మాటలాడవలసివచ్చునో గమనింపుడు

లెక్కలలో చురుకైన పిల్లవాడు సర్వేయరు కాదగునని పెద్దలనుకొందురు. లెక్క అవసరమే. వంద లంకెల గొలుసు పొడవు 66 అడుగులనియు, ఎకరమునకు ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలనియు, సెంటు 48.4 చదరపు గజములైన గుంట 121 అనియు కంఠస్థముగ నుండవలసినదే. ఎఫ్.ఎం.బి. అను పొలముల కొలతల పుస్తకమును చూచుటయు, తెలంగాణలోనైన అట్టి కొలతల పత్రమగు టిప్పన్ చదువుటయు రావలసినదే. ఆంధ్రప్రదేశమున 2020లో ఆరంభమైన రీసర్వేతో డ్రోన్లును, ఉపగ్రహ సంకేతములతో పనిచేయు రోవర్లును వచ్చినవి గనుక గొలుసు లాగు శ్రమయు తగ్గినది.

అయితే సర్వేయరు దినమున ఎక్కువ భాగమును హరించునది గొలుసు కాదు. చుట్టుప్రక్కల రైతులకు నోటీసు లందవలెను, ఒకడు రాకపోవును, వచ్చినవాడు, "ఈ గట్టు మా తాత వేసింది సార్, మీ రాయే తప్పు" అని వాదించును. అన్నదమ్ములిద్దరు ఒకే గట్టు మీద నిలిచి ఒకరి ముఖమొకరు చూడక, సర్వేయరుతోనే ఒకరి మాటల నొకరికి చెప్పించుకొందురు. ఎండలో నిలిచి ఇవన్నియు వినవలెను; ఏ పక్షమునను కాఫీ త్రాగకుండుట మేలు. ఉపగ్రహము బిందువును చూపగలదు గాని ఆ అన్నదమ్ములను ఒప్పింపలేదు. లెక్కలయందు ఆసక్తియు, మనుష్యులయందు విముఖతయు గలవాడు ఈ వృత్తిలో దుఃఖపడును. లెక్కలలో సామాన్యుడైనను, పదిమంది తగవును ముఖము మాడ్చుకొనక వినగలవాడు రాణించును. వెలుపలినుండి చూచువారికి ఈ సంగతి తలక్రిందుగ కనబడుటయే చిత్రము.

4. ఒక్క పేరు క్రింద దాగిన పనులను విడదీయుడు

సాఫ్ట్‌వేరు అనునది ఒక వృత్తి కాదు. కొత్తగా ప్రోగ్రాము వ్రాయువాడొకడు, ఇతరులు ఏనాడో వ్రాసిపోయిన దానిని చదివి, అందలి తప్పును వెదకి, రెండు పంక్తులు మార్చి, ఆ మార్పువలన వేరొకటి చెడలేదని రుజువు చేయువాడొకడు, పరీక్షించువాడొకడు, అమెరికాలో పగలైనప్పుడు ఇచట రాత్రి మేలుకొని ఫోనులకు జవాబు చెప్పువాడొకడు. మన పిల్లలు మొదటివాని పనిని ఊహించుకొని చేరుదురు. పెక్కురకు లభించునది తక్కినవారి పని. ఇది నింద కాదు, ఉన్న మాట. మీ పెదనాన్నగారి అబ్బాయి డల్లాసులోనో హైటెక్ సిటీలోనో ఉన్నచో, ఆదివారము ఫోను చేసినప్పుడు జీతమును గూర్చి గాక, "అన్నయ్యా, మొన్న మంగళవారం ఆఫీసులో గంట గంటకీ ఏం చేశావు?" అని యడుగుడు. ఆయన మొదట నవ్వును. పిమ్మట చెప్పుట మొదలిడిన ఆపుట కష్టము, ఏలయన ఆ ప్రశ్నను ఆయన నింతవరకు ఎవ్వరును అడిగియుండరు.

5. ముగ్గురిని అడుగుడు

ఒక్కని మాటపై నిర్ణయమునకు రాకుడు. చేరి యొక సంవత్సరమైన కానివాడు కష్టమును పెంచి చెప్పును. పది పదునైదేండ్లు చేసినవాడు అలవాటుపడిపోయి, కష్టమును మరచియే పోవును. వానిచేత చిన్న చిన్న వివరములు చెప్పించుటకు ఓపిక కావలెను. మూడవవాడు ఆ వృత్తిని మానివేసినవాడు. వీనిని వెదకుట కొంచెము ప్రయాస గాని, నా యెఱుకలో ఇంతకంటె ఉపకరించు సాక్షి లేడు. జీతము చాలక మానెనా, పై అధికారితో పడక మానెనా, లేక పనియే గిట్టక మానెనా? మొదటి రెండు కారణములు వృత్తికి సంబంధించినవి కావు. మూడవదియైనచో, ఏ క్షణమున గిట్టకపోయినదో తరచి తరచి అడుగుడు.

6. సామాన్యముగా జరుగు పొరపాట్లు

అన్నింటికంటె ముందు జీతమడుగుట. జీతము ముఖ్యము కాదని చెప్పు వేదాంతిని కాను. కోటి విద్యలు కూటికొరకే. కాని అది కాగితము మీద దొరకు సంగతి. పనివాని యెదుట కూర్చున్న అరగంటను దానికై వెచ్చింపవలదు.

ఆ రంగమున అత్యున్నతస్థితికి చేరినవానినే చూచుట మరియొక పొరపాటు. వంట వృత్తిని ఎంచుకొనదలచినవారు పెద్ద హోటలు ముఖ్యపాచకుని ఇంటర్వ్యూలు చూతురు. పెండ్లి వంటశాలలో తెల్లవారుజామున బస్తాల కొలది ఉల్లిపాయలు తరుగుచు కన్నీరు తుడుచుకొను సహాయకుని చూడరు. ఆ వృత్తిలో మీ తొలియేండ్లు గడచునది ఎవరి ప్రక్కన? యూట్యూబులో ఉద్యోగుల దినచర్య పేరిట వచ్చు వీడియోలును ఇట్టివే. వాటిలో క్యాంటీను, కాఫీ, కిటికీ కనబడును, పని కనబడదు. పనిని చిత్రించుటకు యజమాని అనుమతింపడు. అనుమతించినను దానిని చూచువారుండరు.

గుంపుగా వెళ్ళుట కూడదు. నలుగురు చుట్టుముట్టిన పనివాడు ప్రదర్శన మొదలుపెట్టును. జాలిచూపుతోను వెళ్ళగూడదు. "అయ్యో, ఎంత కష్టం!" అన్నచో ఆయన మనసు చిన్నబుచ్చుకొనును, లేదా మీ జాలికి తగినట్లు కథ చెప్పును, రెంటిలో ఏది జరిగినను మీకు నిజము దక్కదు.

7. ఒక్క పుట వ్రాయుడు

ఇంటికి వచ్చి, ఆ రాత్రియే, ఒక పుటను నిలువుగా రెండు భాగములు చేసి, ఒక ప్రక్క ఆ వృత్తిలో మాటిమాటికి చేయవలసిన పనులను, రెండవ ప్రక్క ఎప్పుడో ఒకప్పుడు చేయు పనులను వ్రాయుడు. మొదటి ప్రక్కను మాత్రమే చదువుకొని, అది చాలునా యని ఆలోచింపుడు. రెండవ ప్రక్కనున్నవి, అనగా సన్మానము, ప్రమోషను, విదేశయానము వంటివి, దక్కిన సంతోషమే. వాటిని నమ్ముకొని చేరినవారు మాత్రము నిరీక్షణతోనే వయసు గడుపుదురు.

పుట అనుకూలముగా నున్నచో, అప్పుడు చదువు సంగతి విచారింపుడు. మన యిండ్లలో ఈ వరుస తిరుగబడి, ముందు సీటు దొరకిన కోర్సులో చేరి, పిదప అది దేనికి దారితీయునో వెదకుచున్నారు. కాలపరిమితులు మీరు భయపడినంత దీర్ఘములు కావు. ఐటీఐలో వెల్డరు శిక్షణ ఒక యేడు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను రెండేండ్లు. డి.ఫార్మసీ రెండేండ్లును, ఆపై 500 గంటల ప్రయోగశిక్షణయును. 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద కర్మాగారములలో స్టైపెండు పుచ్చుకొనుచు పని నేర్చుకొను మార్గమున్నది. పనిని దగ్గరనుండి చూచుటకు ఇంతకంటె సక్రమమైన అవకాశము వేరొకటి లేకున్నను, తల్లిదండ్రులు దీనిని డిగ్రీ కంటె తక్కువదిగ భావించి పిల్లలకు చెప్పకుండుట శోచనీయము.

8. రెండవ మారు, వారికి కష్టమైన దినమున వెళ్ళుడు

తొలిసారి మీరు చూచునది సాధారణముగ తీరికవేళ. ఏలయన తీరికగా నున్నప్పుడే వారు మిమ్ము రమ్మందురు. లైన్‌మన్‌ను గాలివాన వెలసిన మరునాడును, సర్వేయరును నడి వేసవిలోను, బ్యాంకు గుమాస్తాను పింఛన్లు పడు నెల మొదటివారమునను చూడవలెను. దూరముగ నిలిచి చూచిన చాలును. ఆ దినమున ప్రశ్నలు వేయవలదు.

నర్సు విషయమున మాత్రము వార్డులోనికి పోయి చూడదలచుట తగదు, అచట రోగులు కలరు. వారి గుట్టు వారిది. రాత్రి డ్యూటీ ముగించి వచ్చు పరిచయస్థురాలైన అక్కను ఆస్పత్రి వెలుపల కలిసికొనుడు. ఆమె గడియారము ప్రకారము డ్యూటీ ముగిసినంతనే బయటికి రాదు. ఏ మంచమునకు ఏ మందు ఎప్పుడిచ్చినదియు, ఎవరికి సెలైన్ ఎంత యెక్కినదియు, ఎవరి జ్వరము ఏ వేళ పెరిగినదియు చార్టులలో వ్రాసి, పగటి డ్యూటీకి వచ్చినవారికి ఒక్కొక్క మంచము కడ నిలిచి అప్పగించి రావలెను. ఆ అప్పగింతకు ఎంతసేపు పట్టినది, బయటికి వచ్చిన పిదపయు ఏదైన చెప్ప మరచితినేమో యని ఆమె మరల లోపలికి ఫోను చేసినదా లేదా, గమనింపుడు. ఆ పూట ఆమెను నిద్రకు పోనిచ్చి, మీ ప్రశ్నలను ఆమె సెలవు దినమునకు వాయిదా వేసికొనుడు.